అవుట్‌గోయింగ్ పర్సనాలిటీ కావాలన్న ఉద్యోగం. నాకు నలుగురిలో నోరు పెగలదు. అప్లై చేయాలా వద్దా? శుక్రవారం ఆఖరు

తొట్లకొండ_పిల్ల

నాకు 27. విశాఖలో గోపాలపట్నంలో ఉంటాం. నాలుగేళ్లుగా రుషికొండలో ఒక ఆఫీసులో మెడికల్ కోడింగ్ (రోగుల రికార్డుల్లోని జబ్బులకీ చికిత్సలకీ కోడ్‌లు వేసే పని) చేస్తున్నాను. పొద్దున్న హెడ్‌ఫోన్స్ పెట్టుకుంటే సాయంత్రం తీస్తాను. రోజు మొత్తంలో పది మాటలు మాట్లాడితే ఎక్కువ. ఈ ఉద్యోగం నాకోసమే పుట్టిందని ఇంట్లో అంటారు. నేనూ చాలాకాలం అదే అనుకున్నాను.

పోయిన వారం ఒక ట్రావెల్స్ వాళ్ల ప్రకటన చూశాను. టూర్ గైడ్ కావాలట. శనివారం అరకు, బొర్రా గుహలు. ఆదివారం కురుసుర సబ్‌మెరైన్, పాత బౌద్ధారామం ఉన్న తొట్లకొండ, భీమిలి. ఒక రోజు సెలవు, మిగతా రోజులు ఆఫీసులో బుకింగ్‌లు చూసుకోవాలి. జీతం ఇప్పటికంటే నాలుగు వేలు తక్కువ, ట్రిప్పుకి వేరే ఇస్తారు. అది చదివిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు. మా నాన్న రైల్వేలో చేసి రిటైరయ్యారు. చిన్నప్పుడు ఆయనతో అరకు లైన్లో ఎన్నిసార్లు తిరిగానో లెక్కలేదు. సొరంగం వచ్చే ముందు రైలు చప్పుడు ఎలా మారుతుందో నాకు తెలుసు. తొట్లకొండ గురించి నేను రాసుకున్న నోట్‌బుక్కులు మూడున్నాయి. ఈ ఊరి గురించి నాకు తెలిసింది ఎవరికైనా చెప్పాలని ఎప్పటినుంచో ఉంది.

కానీ ప్రకటనలో మొదటి లైనే "అవుట్‌గోయింగ్ పర్సనాలిటీ తప్పనిసరి. కొత్తవాళ్లతో ఇట్టే కలిసిపోవాలి".

నా సంగతి చెప్తాను. షేర్ ఆటోలో "ఇక్కడ ఆపండి" అనడానికి కూడా నాకు గొంతు రాదు. మొన్న మంగళవారం మా పిన్ని వాళ్లింటికి వెళ్తూ ఇసుకతోటలో దిగాలి. మనసులో నాలుగుసార్లు అనుకున్నాను, నాలుక చివరిదాకా వచ్చి ఆగిపోయింది. మద్దిలపాలెంలో ఎవరో ఆపమంటే ఆయన వెనకే దిగి, ఎండలో మళ్లీ వెనక్కి నడిచాను. పిడికిట్లో ఉన్న నోటు చెమటకి తడిసి మెత్తబడిపోయింది. ఫోన్ మోగితే చెల్లికి ఇస్తాను. ఆఫీసులో కేక్ కోసే రోజు వాష్‌రూమ్‌లో ఉంటాను. పదో క్లాసు నుంచీ ఇంతే.

ఇలాంటిదాన్ని బస్సులో మైకు పట్టుకుని పాతికమంది ముందు నిలబడతానని అప్లై చేస్తే వాళ్లని మోసం చేసినట్టు కాదా? మొహమాటం లేకుండా చెప్పండి.

అక్కయ్యపాలెం_అక్క

అప్లై చేయడం వేరు, చేరడం వేరు. ఇప్పుడు నువ్వు తేల్చుకోవాల్సింది మొదటిది ఒక్కటే. పంపించెయ్ తల్లీ.

బ్యాగు_మోసేవాడు

ఇరవై రెండేళ్లుగా మెడికల్ రెప్‌ని. శ్రీకాకుళం నుంచి అనకాపల్లి దాకా నేను ఎక్కని డాక్టరుగారి మెట్లు లేవు. చేరిన మొదటి ఏడాది జగదాంబ సెంటర్ దగ్గర ఒక క్లినిక్ బయట గంటన్నర కూర్చుని, నా వంతు వచ్చేసరికి లేచి వెళ్లిపోయాను. ఒకసారి కాదు, మూడుసార్లు. నాలుగోసారి ఆయనే బయటికొచ్చి "బాబూ, నువ్వు రోజూ వచ్చి రోజూ వెళ్లిపోతున్నావేంటి, లోపలికి రా" అని పిలిచారు.

నేను గమనించింది ఒకటే. నాకు మొదటి రెండు నిమిషాలే కష్టం. మందు గురించి మాట్లాడటం మొదలయ్యాక భయం ఎటు పోతుందో తెలీదు. ఎందుకంటే అక్కడ నా గురించి ఎవరూ అడగరు, మందు గురించి అడుగుతారు. పెళ్లిళ్లలో మాత్రం ఇప్పటికీ ఒక మూల కూర్చుంటాను. విషయం చేతిలో ఉన్న మాట వేరు, ఊరికే పిచ్చాపాటీ వేరు. గైడ్ ఉద్యోగంలో విషయం నీ చేతిలో ఉంటుంది కదమ్మా.

గాజువాక_గురు

పెళ్లిలో మూల కూర్చునేది నేను కూడా. కాకపోతే భోజనాల వైపు మూల.

ఇంటిపట్టున

అందరూ చెయ్ చెయ్ అంటున్నారు కాబట్టి రెండో వైపు నేను చెప్తాను. ఇది చదివి నన్ను తిట్టినా సరే.

నాదీ ఇదే సమస్య. "భయం పోవాలంటే నీళ్లలోకి దూకాలి" అని మా బావ చెప్తే, ఒక ప్రైవేటు బ్యాంకు లోన్ల ఫీల్డ్ ఉద్యోగంలో చేరాను. రోజుకి ముప్పై నలభై తలుపులు కొట్టాలి. టార్గెట్. సాయంత్రం గ్రూపులో అందరి అంకెలూ పెట్టేవారు, నాది కింద నుంచి మొదటిది. రెండో నెల నుంచి పొద్దున్నే వాంతులు. నాలుగో నెలలో ఎన్‌ఏడీ జంక్షన్‌లో బండి ఆపుకుని గంటసేపు కదల్లేకపోయాను. మానేశాను. ఆ తర్వాత ఏడాదిపాటు వీధి చివరి కొట్టుకి కూడా వెళ్లలేదు. ముందు ఉన్న భయం ఆవగింజంత, తర్వాత మిగిలింది కొండంత.

ఉద్యోగం వైద్యం కాదండి. అక్కడ మీరు బాగుపడేదాకా ఎవరూ ఆగరు. బుకింగ్ చేసుకున్నవాడికి తన డబ్బుకి తగ్గ ట్రిప్ కావాలి, అంతే.

అక్కయ్యపాలెం_అక్క

@ఇంటిపట్టున తిట్టడమెందుకు. నువ్వు పడ్డది చిన్న బాధ కాదు. ఇప్పుడెలా ఉన్నావు?

ఇంటిపట్టున

ఇప్పుడు నయం. వైద్యం చేయించుకుంటున్నాను. డాబా గార్డెన్స్‌లో చిన్న అకౌంట్స్ పని చేస్తున్నాను. ముగ్గురమే ఉంటాం.

పుస్తకం_పురుగు

ఆల్బర్ట్ ఎల్లిస్ అని పేరున్న మనస్తత్వవేత్త ఉండేవాడు. ఆలోచన మార్చి బాధ తగ్గించే పద్ధతికి తొలి పునాది వేసినవాళ్లలో ఒకడు. పంతొమ్మిదేళ్ల వయసులో ఆయనకి ఆడపిల్లలతో మాట్లాడాలంటే చచ్చేంత భయం. న్యూయార్క్‌లో బ్రాంక్స్ బొటానికల్ గార్డెన్‌కి నెలరోజులు రోజూ వెళ్లి, బెంచీ మీద ఒంటరిగా ఎవరు కనిపిస్తే వాళ్ల పక్కన కూర్చుని, ఒక నిమిషంలోపు మాట కలపాలని తనకి తనే షరతు పెట్టుకున్నాడు. నూటముప్పైమంది పక్కన కూర్చున్నాడు. ముప్పైమంది వెంటనే లేచి వెళ్లిపోయారు, మిగతా వందమందితో మాట కలిపాడు. అయినా ఆకాశం విరిగి మీద పడలేదని ఆయనే తర్వాత చెప్పుకున్నాడు. భయం మీదికి మనమే వెళ్లాలి.

అక్కయ్యపాలెం_అక్క

కథ బాగుంది కానీ బెంచీ మీద కూర్చున్న ఆడపిల్ల వైపు నుంచి కూడా ఆలోచించు నాయనా. బీచ్‌లో ఎవడైనా అలా వచ్చి పక్కన కూర్చుంటే నేనే చెప్పు తీస్తాను. మన భయం పోగొట్టుకోవడానికి ఇంకొకరిని భయపెట్టకూడదు.

పుస్తకం_పురుగు

నిజమే. ఆ కాలం, ఆ చోటు వేరు. ఉదాహరణ సరిగ్గా ఎంచుకోలేదు, ఒప్పుకుంటున్నాను. తిరస్కారం ఎదురైనా మనిషి నిలబడగలడన్న ముక్క వరకే తీసుకోండి.

వాల్తేరు_కౌన్సెలర్

క్లినికల్ సైకాలజీలో పని చేస్తాను. ఎవరో తెలియని మనిషికి ఇక్కడ రోగనిర్ధారణ చేయను, చేయకూడదు కూడా. అసలు ప్రశ్న రాసినామె చెప్పినవి మాత్రం కేవలం సిగ్గు కంటే ఎక్కువగా కనిపిస్తున్నాయి. నలుగురూ నన్ను గమనిస్తారు, చిన్నచూపు చూస్తారు అన్న భయం ఆరు నెలలు దాటి సాగుతూ, దానివల్ల రోజువారీ పనులు తప్పించుకోవాల్సి వస్తుంటే దాన్ని సోషల్ యాంగ్జైటీ డిజార్డర్ కోణంలో చూస్తాం. ఎక్కువమందికి అది బడి వయసులోనే మొదలవుతుంది. "పదో క్లాసు నుంచీ" అన్నారు కదా, అందుకే చెప్తున్నాను. దీనికి మంచి వైద్యం ఉంది.

బ్యాగు గారు, ఇంటిపట్టున గారు ఇద్దరూ చెప్పిందీ నిజమే. భయపడే పరిస్థితిని ఎదుర్కోవడం పని చేస్తుంది. కానీ మెట్టు మెట్టుగా, మళ్లీ మళ్లీ, పగ్గం మన చేతిలో ఉన్నప్పుడు. ఇంటిపట్టున గారికి జరిగింది అది కాదు. మొదటి రోజే పై మెట్టు ఎక్కించి, పడిపోయినప్పుడల్లా అందరి ముందూ చూపించారు. దాంతో భయం ఇంకా గట్టిపడింది.

ఇంకో ముఖ్యమైన సంగతి. 1995లో డేవిడ్ క్లార్క్, ఆడ్రియన్ వెల్స్ ఈ భయం ఎందుకు తగ్గకుండా మిగిలిపోతుందో వివరించారు. మనిషి నలుగురిలోకి వెళ్లగానే దృష్టి అంతా తన మీదికే తిప్పుకుంటాడు. గొంతు వణుకుతోందా, మొహం ఎర్రబడిందా అని. ఎదుటివాళ్లని చూడటం మానేస్తాడు. లోపల అనిపించిందే బయటికీ కనిపిస్తోందని నమ్ముతాడు. దానికి తోడు తప్పు జరగకుండా కొన్ని ఏర్పాట్లు చేసుకుంటాడు. వాక్యాన్ని ముందే మనసులో నాలుగుసార్లు చెప్పుకోవడం, ఫోన్ చూస్తూ ఉండటం, వాష్‌రూమ్‌లోకి వెళ్లిపోవడం. ఆ ఏర్పాట్ల వల్లే గట్టెక్కాను అనుకుంటాడు, అందుకే భయం తప్పని ఎప్పటికీ తెలుసుకోలేడు. ఆటోలో మీరు మనసులో నాలుగుసార్లు అనుకున్నారే, అదే అది. మొదటిసారి అనుకున్నప్పుడే, ఎలా వస్తే అలా, అనేసి చూడండి.

తొట్లకొండ_పిల్ల

ఇన్ని సమాధానాలు వస్తాయని అనుకోలేదు. కౌన్సెలర్ గారు రాసింది మూడుసార్లు చదివాను. వాష్‌రూమ్ సంగతి చదువుతుంటే ఎవరో నన్ను చూసి రాసినట్టే ఉంది. నాకు జబ్బు ఉందేమో అనుకోగానే ముందు భయమేసింది, తర్వాత ఎందుకో తేలికైంది. ఇన్నాళ్లూ నా బుద్ధే అంత అనుకున్నాను.

ఇంటిపట్టున గారూ, మీరు రాసినదే నాకు అన్నిటికంటే దగ్గరగా అనిపించింది. వాంతుల దాకా వెళ్లలేదు గానీ ఇంటర్వ్యూ అన్న మాటకే కడుపులో తిప్పుతోంది.

ఇంట్లో ఇంకా చెప్పలేదు. అమ్మకి చెప్తే "సంబంధాలు చూస్తున్న టైంలో బస్సులో మైకు పట్టుకుని తిరుగుతావా" అంటుంది. అది కూడా ఉంది.

ఆఫీసులో ఒకమ్మాయి ఇంటర్వ్యూ ముందు వేసుకోమని ఒక ట్యాబ్లెట్ పేరు చెప్పింది. ప్రొప్రనలాల్. వేసుకుంటే చేతులు వణకవట. ఎవరికైనా తెలుసా?

మందుల_షాపు

దయచేసి సొంతంగా కొనకండి. అది గుండె వేగాన్ని తగ్గించే మందు. స్టేజీ మీద మాట్లాడేముందు, పాడేముందు వణుకు తగ్గడానికి కొంతమందికి డాక్టర్లు రాస్తారు, అది నిజమే. కానీ ఆస్తమా ఉన్నవాళ్లు వేసుకుంటే ఊపిరి బిగుసుకుపోయే ప్రమాదం ఉంది. నాడి నెమ్మదిగా ఉండేవాళ్లకీ, బీపీ తక్కువ ఉండేవాళ్లకీ ఇబ్బందే. ఇంకొందరు అల్‌ప్రజోలాం అడుగుతారు. అది అలవాటైపోయే మందు, చీటీ లేకుండా అమ్మకూడదు. కౌంటర్ మీదికి వంగి "అన్నా, ఒక్కటి ఇవ్వు, రేపు ఇంటర్వ్యూ" అని మెల్లగా అడిగేవాళ్లని వారానికి ఒకరినైనా చూస్తాను. ఇవ్వను. తిట్టుకుంటూ వెళ్తారు.

ఇంటిపట్టున

నేను వాడేది వేరే. రోజూ ఒకటి వేసుకోవాలి. మొదటి మూడు నాలుగు వారాలు ఏ తేడా తెలియలేదు, మానేద్దామనుకున్నాను. తర్వాత మెల్లగా పొద్దున్న గుండె దడ తగ్గింది. డాక్టరుగారు మొదటి రోజే చెప్పారు, బాగుందనిపించి హఠాత్తుగా మానేయకూడదని. దానితోపాటు మాటలతో చేసే థెరపీ కూడా నడుస్తోంది. నా అనుభవం ఇది, మీకు ఏది సరిపోతుందో డాక్టరే చెప్పాలి.

రైలుపిచ్చోడు

విషయం మారుస్తున్నందుకు క్షమించండి. పిల్ల గారూ, మీ నాన్నగారు కొత్తవలస కిరండూల్ లైన్లో చేశారా? శిమిలిగూడ స్టేషన్ గురించి చెప్పండి. నేను ఒక్కసారే వెళ్లాను, అదీ నిద్రలో దాటేసింది.

తొట్లకొండ_పిల్ల

అయ్యో, నిద్రపోయారా! ఆ లైన్ వేసింది ప్రయాణికుల కోసం కాదు. ఛత్తీస్‌గఢ్‌లోని బైలడిల్లా ఇనుప ఖనిజం విశాఖ పోర్టుకి తేవడానికి 1960ల్లో వేశారు. మనం ఎక్కే ప్యాసింజర్ ఆ ఖనిజం బళ్ల మధ్యలో దారి అడుక్కుని వెళ్తుంది. లైన్ మొత్తం మీద 58 సొరంగాలు. శృంగవరపుకోట దాటాక రైలు ఎక్కడం మొదలెడుతుంది. నాన్న చెప్పేవారు, కుడిచెవి మూసుకుంటే ఇంజను కష్టం ఎడమచెవికి తెలుస్తుందని. సొరంగంలోకి వెళ్లగానే పిల్లలందరూ ఒక్కసారి కేకలేస్తారు, బయటికి రాగానే లోయ చూసి ఒక్కసారి నోరు మూస్తారు. శిమిలిగూడ సముద్రమట్టానికి దాదాపు 1000 మీటర్ల ఎత్తు. చాలాకాలం బ్రాడ్‌గేజ్‌లో దేశంలోనే ఎత్తైన స్టేషన్ అదే. బోర్డు మీద ఆ సంగతి రాసి ఉండేది. అక్కడ దిగితే ఏప్రిల్లో కూడా గాలి చల్లగా తగులుతుంది. ఈసారి వెళ్తే వెళ్లేటప్పుడు కుడివైపు కిటికీ పట్టుకోండి. బొర్రా దాటాక నిద్రపోతే మాత్రం ఊరుకోను.

గాజువాక_గురు

టికెట్ ఎంత? నేను రెడీ.

బ్యాగు_మోసేవాడు

నేను చెప్పిన "విషయం చేతిలో ఉన్న మాట" ఇదే. ఇంకేం కావాలమ్మా?

ఇంటిపట్టున

ఆగండి. ఇది టైపు చేసింది. రాత్రి పదకొండింటికి, తన గదిలో, ఎవరూ చూడకుండా. నేనూ ఇక్కడ పేజీలు పేజీలు రాస్తాను. నోటితో చెప్పడం వేరు.

తొట్లకొండ_పిల్ల

అవును, ఆయన చెప్పిందే నిజం. రాయడం నాకు ఎప్పుడూ కష్టం కాదు.

వాల్తేరు_కౌన్సెలర్

అయితే పరీక్షించి చూద్దాం. ఇప్పుడు రాసిందే ఫోన్లో వీడియోగా రికార్డు చేయండి. చూసేముందు ఒక కాగితం మీద రాయండి, అందులో ఏం కనిపిస్తుందని మీరు భయపడుతున్నారో. "గొంతు వణుకుతుంది, పదికి తొమ్మిది" అలాగ. తర్వాత ఎవరో తెలియని అమ్మాయి వీడియో అనుకుని చూడండి. మా దగ్గర థెరపీలో ఇది నిజంగా చేయించే పనే.

తర్వాత రెండో మెట్టు. ఆ ట్రావెల్స్ ఆఫీసుకి ఫోన్ చేసి ఒకే ఒక ప్రశ్న అడగండి. చెల్లికి ఇవ్వకుండా.

నియామకాల_డెస్క్

హోటళ్లు, టూరిజం వైపు పదేళ్లుగా నియామకాలు చూస్తున్నాను. ఒక లోపలి సంగతి. "అవుట్‌గోయింగ్ పర్సనాలిటీ" అన్న మాట చాలా ప్రకటనల్లో పాత ప్రకటన నుంచి ఎత్తి పెట్టిందే ఉంటుంది. గైడ్ విషయంలో మేము నిజంగా చూసేవి ఏమిటంటే, టైముకి వస్తారా, తలలు లెక్కపెట్టి అందరినీ బస్సెక్కిస్తారా, బొర్రాలో ఒక పెద్దావిడ మెట్ల దగ్గర ఆయాసపడితే గమనిస్తారా, అడిగినదానికి తెలిస్తే చెప్పి తెలియకపోతే తెలియదంటారా. గలగలా మాట్లాడే కుర్రాడు ఒకడు మా దగ్గర ఉండేవాడు. అరకులో ఇద్దరిని మర్చిపోయి బస్సు తెచ్చేశాడు.

మోసం అన్న మాట తీసెయ్యండి. మీకున్నది మీరు చెప్తారు, కావాలో వద్దో వాళ్లు తేల్చుకుంటారు.

అక్కయ్యపాలెం_అక్క

ఆ ఇద్దరూ ఎలా వచ్చారు పాపం?

నియామకాల_డెస్క్

రాత్రి ఆర్టీసీ బస్సులో. టికెట్ డబ్బులు, మరుసటి రోజు భోజనం మేమే ఇచ్చుకున్నాం.

పుస్తకం_పురుగు

ఇంటర్వ్యూలో నాకు సోషల్ యాంగ్జైటీ ఉంది అని చెప్పేయడం మంచిది కదా? దాచిపెడితే ఇంకా టెన్షన్.

నియామకాల_డెస్క్

నేనైతే మొదటి ఇంటర్వ్యూలో పేరు పెట్టి చెప్పమనను. ఎదుట కూర్చున్నవాడికి దాని గురించి ఏమీ తెలియకపోవచ్చు, తప్పుగా అర్థం చేసుకుంటాడు. ఆరోగ్యం మీ సొంత విషయం. దానికి బదులు మీకు కావలసినది అడగండి. "మొదటి రెండు ట్రిప్పులు సీనియర్‌తో కలిసి వెళ్లొచ్చా" అని. ఎవరైనా అడిగేదే. దానికి విసుక్కుంటే ఆ చోటు మీకు వద్దు.

ఇంటిపట్టున

ఇంకో మూడు అడగమంటాను. టికెట్లు అమ్మే టార్గెట్ ఉందా? సీజన్ లేని రోజుల్లో ఫోన్లు చేసి కస్టమర్లని పట్టమంటారా? రేటింగులు అందరికీ కనిపించేలా గ్రూపులో పెడతారా? నన్ను అప్పుడు ఎవరైనా ఇవి అడగమని చెప్పి ఉంటే నాకు ఆ ఏడాది మిగిలేది.

బ్యాగు_మోసేవాడు

@ఇంటిపట్టున ఇరవై రెండేళ్ల అనుభవంతో నేను రాసినదానికంటే ఈ మూడు ప్రశ్నలు విలువైనవి బాబూ. నాకు అప్పట్లో మంచి మేనేజరు దొరికాడు, అదే నా అదృష్టం. నేను నిలబడ్డానని అందరూ నిలబడాలని రాయడం తప్పే.

తొట్లకొండ_పిల్ల

గురువారం.

వీడియో చేశాను. కాగితం మీద "గొంతు వణుకు 9, మొహం ఎర్రబడటం 10" అని రాశాను. చూశాక వణుకు 4 వేశాను. ఎర్రబడటం కనిపించనే లేదు. కానీ నాకు తెలియనిది ఇంకోటి కనిపించింది. నేను ఒక్కసారి కూడా కెమెరా వైపు చూడలేదు. గోడ మీద క్యాలెండర్ చూస్తూ చెప్పాను. రెండోసారి చూస్తూ చేశాను, మాటలు రెండుచోట్ల తడబడ్డాయి, అయినా అదే బాగుంది.

ఫోన్ చేశాను. మొదటిసారి వాళ్లు ఎత్తగానే పెట్టేశాను. డాబా మీదికి వెళ్లి ట్యాంకు పక్కన నిలబడి మళ్లీ చేశాను. టార్గెట్ ఉందా అని అడిగాను. "గైడ్లకి లేదండి, అమ్మకాలకి వేరే వాళ్లున్నారు" అన్నారు. మొత్తం నలభై సెకన్లు. దానికి ముందు రెండు గంటలు డాబా మీద పచార్లు చేశాను.

అప్లికేషన్ ఇంకా పంపలేదు. "మీ గురించి రెండు వాక్యాలు" దగ్గర ఆగిపోయాను.

గాజువాక_గురు

"58 సొరంగాలు తెలుసు. ఎవరినీ అరకులో వదిలేసి రాను." రెండు వాక్యాలు అయిపోయాయి.

నియామకాల_డెస్క్

నవ్వుతూ రాశారు గానీ నేనైతే ఈ అప్లికేషన్ పక్కన పెట్టుకుంటాను.

అక్కయ్యపాలెం_అక్క

అమ్మ విషయం. మా పెద్దమ్మాయి హోటల్ రిసెప్షన్‌లో చేరతానంటే నేనూ ఇదే మాటన్నాను. సంబంధాలు, నలుగురూ ఏమనుకుంటారు అని. నిజం చెప్పాలంటే నా భయం సంబంధాల గురించి కాదు. దానికి చిన్నప్పటినుంచీ భయమెక్కువ, అక్కడ ఎవరైనా కసురుకుంటే ఇంటికొచ్చి ఏడుస్తుందేమోనని. మీ అమ్మ మనసులో కూడా అదే ఉందేమో అడిగి చూడు. నాన్నని పక్కన కూర్చోబెట్టుకుని అడుగు.

వాల్తేరు_కౌన్సెలర్

ఒక్కటి మర్చిపోకండి. ఉద్యోగం వచ్చినా రాకపోయినా వైద్యుణ్ణి ఒకసారి కలవండి. వాల్తేరులో ప్రభుత్వ మానసిక వైద్యశాల ఉంది. అక్కడికి వెళ్తే ఎవరేమనుకుంటారో అని చాలామంది వెనకాడతారు. బయట వరుసలో చూడండి, ఉద్యోగాలు చేసుకునేవాళ్లు, కాలేజీ పిల్లలు, మనలాంటివాళ్లే ఉంటారు. వెళ్లడానికి మనసు రాకపోతే ముందు టెలి మానస్ అనే మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ 14416కి ఫోన్ చేయండి. 2022 అక్టోబరులో కేంద్ర ప్రభుత్వం మొదలుపెట్టింది. ఉచితం, రాత్రీ పగలూ పని చేస్తుంది, తెలుగులో మాట్లాడొచ్చు. ఇప్పుడు ఫోన్ చేయడం వచ్చింది కదా.

తొట్లకొండ_పిల్ల

శుక్రవారం రాత్రి 11:40కి పంపాను. ఇరవై నిమిషాలే మిగిలాయి.

బ్యాగు_మోసేవాడు

శభాష్.

ఇంటిపట్టున

ఇంటర్వ్యూ ఎప్పుడో చెప్పండి. ఆ రోజు నేను కూడా ఒక ఫోన్ చేస్తాను. నాలుగు నెలలుగా వాయిదా వేస్తున్నది ఒకటుంది.

తొట్లకొండ_పిల్ల

పది రోజులైంది, చెప్పాల్సినవి చాలా ఉన్నాయి.

ఇంటర్వ్యూ నిన్న జరిగింది. ద్వారకానగర్‌లో రెండో అంతస్తు. మెట్లెక్కుతుంటే వెనక్కి వెళ్లిపోదామనిపించింది, రెయిలింగ్ పట్టుకుని ఆగాను. ఇద్దరు కూర్చున్నారు. "మీ గురించి చెప్పండి" అన్నప్పుడు ఘోరం. అర నిమిషం ఏమీ రాలేదు. నీళ్లిచ్చారు. తర్వాత పెద్దాయన "సరేనమ్మా, మేము టూరిస్టులం అనుకో, తొట్లకొండ మీద ఉన్నాం" అన్నారు.

కౌన్సెలర్ గారు చెప్పింది గుర్తొచ్చి ఆయన మొహం వైపు చూశాను. కళ్లజోడు ఒకవైపు దారంతో కట్టుకున్నారు. అది చూస్తూ మొదలుపెట్టాను. రాతిలో తొలిచిన ఆ తొట్లలో పడిన వాన నీళ్లతోనే భిక్షువులు కొండ మీద ఏడాది గడుపుకునేవారని, రెండువేల ఏళ్ల నాటి స్తూపం పక్కన నిలబడితే కింద సముద్రం కనిపిస్తుందని, వాళ్లూ ఇదే సముద్రాన్ని చూసి ఉంటారని చెప్పాను. గొంతు వణికింది. ఆపలేదు. మధ్యలో రెండో ఆయన పెన్ను కింద పెట్టి వినడం కనిపించింది.

సీనియర్‌తో రెండు ట్రిప్పులు అడిగాను. "మూడు పంపుతాం, అందరికీ అంతే" అన్నారు. రేటింగుల సంగతీ అడిగాను, గ్రూపులో పెట్టరట. సీజన్ లేనప్పుడు ఫోన్లు చేయాలా అన్నది అడగడం మర్చిపోయాను. ఫలితం వచ్చే వారం చెప్తామన్నారు. రాకపోవచ్చు. నాకంటే ముందు వచ్చినమ్మాయి లోపల నవ్వించడం బయటికి వినిపించింది.

అమ్మకి చెప్పాను. కోప్పడింది. తర్వాత వంటింట్లోంచి "అరకులో చలి, స్వెట్టర్ ఉందా" అంది. ఇంకా సరే అనలేదు.

వాల్తేరు అపాయింట్‌మెంట్ బుధవారం. చెల్లి తోడు వస్తానంది.

ఇంటిపట్టున

నేను ఫోన్ చేశాను. మా పాత స్నేహితుడికి. ఉద్యోగం మానేసినప్పటి నుంచీ వాడితో మాట్లాడలేదు. పెళ్లి కూడా అయిపోయిందట.

అక్కయ్యపాలెం_అక్క

ఇద్దరూ నన్ను ఏడిపించేశారు పొద్దున్నే.

రైలుపిచ్చోడు

ఉద్యోగం సంగతి వాళ్లు చూసుకుంటారు, నా సంగతేంటి? నాకు తొట్లకొండ ఎవరు చూపిస్తారు?

గాజువాక_గురు

నేనూ వస్తాను. ముంత మసాలా నా ఖర్చు.

తొట్లకొండ_పిల్ల

రెండు రోజులు ఆలోచించి రాస్తున్నాను. వచ్చే ఆదివారం పొద్దున్న తొమ్మిదిన్నరకి, బీచ్ రోడ్డు మీద కొండకి దారి మళ్లే చోట ఉంటాను. అయిదుగురు దాటితే నా వల్ల కాదు, ముందే చెప్తున్నాను. నాన్న కూడా వస్తున్నారు, రైలు ప్రశ్నలు ఆయన్నే అడగండి.

ఇంటిపట్టున

అయిదుగురిలో నన్ను ఒకణ్ణి లెక్కేసుకోండి. మాట్లాడకపోయినా ఏమనుకోకండి.

తొట్లకొండ_పిల్ల

ఏమనుకోను. టోపీ, మంచినీళ్లు తెచ్చుకోండి. పైన నీడ తక్కువ.